మామ నోరు కట్టుకున్న రోజు మోగిన ఫోను

మా మామ బండికి అన్నీ ఉండేవి. నాలుగు చక్రాలు, పని చేసే బ్రేకు, జలుబు చేసిన మేక గొంతుతో ఒక హారను. లేనిదల్లా సిగ్నలొక్కటే.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. అత్తిమంజేరిపేట చుట్టుపక్కల తోటల్లో పూలు ఎత్తుకుని, తిరుత్తణిలో కొండ కింద ఉన్న పూలంగడికి చేర్చడం ఆయన పని. బండి చిన్న లోడు బండి. మా పక్క దాన్ని కుట్టియానై అంటారు, ఏనుగు పిల్ల అని. ఆ ఏనుగు పిల్ల మోసే బరువుల్లో పూలు తేలిక, మామ మాటలు బరువు. పొద్దున ఇంటి దగ్గర ఎత్తుకున్న కథ తిరుత్తణి పొలిమేరలో కూడా మలుపు తిరగదు. పక్కన మనిషి లేకపోతే స్టీరింగుతో చెప్తాడు.

ఊరికీ తిరుత్తణికీ నడుమ ఒకచోట కొండ రోడ్డు మీదికి వంగి చూస్తున్నట్టు ఉంటుంది. కొండ సందు అంటాం. అక్కడికి పోగానే ఫోన్లు చచ్చిపోతాయి. ఒక్క మలుపులో మాత్రం ఆంధ్రా పక్క టవరేదో గబుక్కున పట్టుకుని, స్వాగతం అని మెసేజి పంపి, మనం లోపల కాలు పెట్టేలోగా తలుపేసేసుకుంటుంది. అంత మర్యాదగా గెంటేసే చుట్టాలు మాకు ఇంకెవరూ లేరు.

పూల వ్యాపారమంతా దారిలోనే మారిపోతుంది. చామంతి చాలు, ఇంకో తోటలో మల్లెలెత్తుకో అంటారు. అంగడికి కాదు, నేరుగా కల్యాణమండపానికి పో అంటారు. ఇవన్నీ సరిగ్గా మామ కొండ సందులో ఉన్నప్పుడే అంటారు. అవతల అంగడి శెట్టి ఫోను చేస్తే, మీరు పిలిచిన చందాదారు అందుబాటులో లేరని ఒకమ్మాయి తమిళంలో, ఇంగ్లీషులో చెప్తుంది. శెట్టి ఒకరోజు మామను నిలబెట్టి అడిగినాడు.

“నీతోకంటే ఆ పాపతోనే నేను ఎక్కువ మాట్లాడినాను. పూలు కూడా ఆ పిల్లనే తెమ్మంటా, సరేనా?”

మామ నవ్వినాడు. శెట్టి నవ్వలేదు. ఆ వారంలోనే ఒక పెళ్ళికి పూలదండలు ఒక మండపంలో దిగినాయి, పెళ్ళికూతురు ఇంకో మండపంలో ఉండింది. మండపం మారిందని శెట్టి దారి పొడుగునా ఫోను చేస్తూనే ఉన్నాడంట. ఆ పాప చెప్తూనే ఉందంట.

శెట్టి అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. నెమ్మదిగా తీర్పు చెప్పినాడు. “ఆడికృత్తిక దాకా చూస్తా. ఆ రోజు లోడు నీకే. దారిలో నేను ఫోను చేస్తా. ఎత్తితివా, నువ్వు నా మనిషివి. ఎత్తలేదా, మర్నాటి నుంచి వేరే బండి పెట్టుకుంటా.”

ఆడికృత్తిక అంటే ఆడి నెలలో కొండ మీది స్వామి పండగ. తిరుత్తణికి ఏడాదంతా ఒక ఎత్తు, ఆ రోజు ఒక ఎత్తు. కావళ్ళు మోసుకుంటూ ఎక్కడెక్కడి జనమో వస్తారు. పోలీసులు ఒక్కో రోడ్డూ మూసుకుంటూ పోతారు. కావడికి పూలు కట్టకముందు వచ్చినవి పూలు, ఆ తర్వాత వచ్చినవి మేకల మేత.

ఇంట్లో అత్త దగ్గర ఇంకో తీర్పు సిద్ధంగా ఉండింది. ఆవడిలో వాళ్ళన్న ఒక కంపెనీ గేటు దగ్గర వాచ్‌మన్ పని చూసిపెట్టినాడు. బండి అమ్మేసి అక్కడ చేరమని అత్త పోరు.

“నీడలో కుర్చీ వేస్తారు. వానొస్తే గొడుగిస్తారు. ఇంకేం కావాల మనిషికి?”

“ఎవురితో మాట్లాడాల?” అని అడిగినాడు మామ.

“ఎవురితోనూ మాట్లాడే పనే లేదంట.”

దాన్ని అత్త ఉద్యోగం అనుకునింది. మామ ముఖంలో అది యావజ్జీవం మాదిరి కనిపించింది.

నేను తిరువళ్ళూరులో ఒక సెల్‌ఫోన్ సర్వీసు అంగట్లో పని చేస్తాను. పగిలిన అద్దాలు మారుస్తాను, నీళ్ళలో పడిన ఫోన్లకు బియ్యం కంటే మంచి వైద్యం ఉందని చెప్తాను, ఎవరూ నమ్మరు. మర్నాడే మామ అక్కడికి వచ్చి పడినాడు. వచ్చీ రాగానే సొరుగులు లాగి చూడ్డం మొదలుపెట్టినాడు.

“రేయ్ అల్లుడూ, సిగ్నలు యాడ పెట్టినారు రా మీ అంగట్లో?”

“అయిపోయింది మామా. సోమవారం వస్తాది.”

“ఎగతాళి వద్దు రా. నన్ను గేటు దగ్గర కుర్చీలో కూర్చోబెడతా ఉండారు.”

అప్పుడు చూసినాను ఆయన ముఖం. ఇంకో జోకు నోటిదాకా వచ్చింది, వెనక్కి పంపించినాను.

సిగ్నలును పెంచే పెట్టెలేవో ఉంటాయి కదా అని మా ఓనరును అడిగినాను. “దాని పేరు కూడా ఎత్తొద్దు. పర్మిషన్ లేకుండా పెడితే చుట్టుపక్కల సిగ్నలంతా చెడిపోతాది, మనమీద కేసు పడతాది,” అన్నాడు. తర్వాత అంగడి మూలలో దుమ్ము పట్టిన వస్తువొకటి చూపించినాడు. చూడ్డానికి పాత ల్యాండ్‌లైన్ ఫోను. రిసీవరు, చుట్టలు చుట్టిన వైరు, లావుపాటి బటన్లు, పక్కన స్పీకరు. లోపల మాత్రం సిమ్ముంటుంది. లైను రాని ఊళ్ళలో అంగళ్ళ బల్లల మీద పెట్టుకునేవాళ్ళు. దాని వెనక యాంటెనా బిగించే మర ఒకటుంది. ఇప్పటి సెల్‌ఫోన్లకు లేనిది అదే. సెల్లు యాంటెనా కడుపులోనే దాచుకుంటుంది. మనం దాన్ని తీసుకుపోయి ఇనుప క్యాబిన్లో కూర్చోబెడతాం. డబ్బాలో దూరి మూత వేసుకుని, ఊళ్ళో ఎవరూ పలకరించడం లేదని ఏడ్చినట్టు ఉంటుంది అది.

ఆ ఆదివారం ఊరికి పోయి బండికి బిగించినాను. లోడు ఎత్తుగా ఉంటుంది కాబట్టి క్యాబిన్ వెనక ఇనుప పైపు నిలబెట్టి, దాని కొసన యాంటెనా కట్టినాను. అక్కణ్ణించి వైరు కిటికీ గుండా లోపలికి, ఫోను డాష్‌బోర్డు మీదికి. చార్జింగు బండి బ్యాటరీ నుంచి, సిమ్ము మామ సెల్లు నుంచి. లోడు బండిలో రిసీవరు వేలాడే ఫోను పెడితే ఎట్లుంటుందంటే, ఎద్దుకు టై కట్టినట్టు ఉంటుంది. ఊళ్ళో ఒకాయన పైపును కిందికీ పైకీ చూసి, “ఇందులో సన్ టీవీ వస్తాదా?” అని అడిగినాడు. “చంద్రుడు కూడా వస్తాడు,” అన్నాన్నేను.

పరీక్షకు కొండ సందుకు బయల్దేరినాం. మా అవ్వ, అంటే మామకు అమ్మ, నేనూ వస్తానని ముందే ఎక్కి కూర్చునింది. ఫోనుకు విభూతి పూసింది. స్పీకరు చిల్లుల్లో పూయకుండా ఆపడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఇంటి దగ్గర నుంచి ఫోను చెయ్యమని అత్తకు చెప్పి వచ్చినాం.

సందులో బండి ఆపినాం. నా సెల్లు ఎప్పటిమాదిరే చచ్చి పడి ఉంది. బల్ల ఫోను తెరమీద మాత్రం రెండు గీతలు సన్నగా నిలబడినాయి. ముగ్గురం దాన్నే చూస్తున్నాం, పొయ్యి మీద పాలను చూసినట్టు. ఉన్నట్టుండి మోగింది. పాతకాలం గంట, ట్రింగ్ ట్రింగ్ అని. ఆ కొండ అట్లాంటి శబ్దం విని ఉండదు. అవ్వ చేతులెత్తి దణ్ణం పెట్టింది. మామ చొక్కా సర్దుకుని, గొంతు సవరించుకుని, కలెక్టరు ఎత్తినట్టు రిసీవరు ఎత్తినాడు.

“హలో. ఎవురు మాట్లాడేది?”

“నీ పెళ్ళాం.”

“ఏం విషయం?”

“నువ్వే కదా చెయ్యమంటివి. పాలు పొంగతా ఉండాయి, పెట్టేస్తా.”

ఇంత గొప్ప సంభాషణ ఆ సందులో అంతకుముందు జరగలేదు. మామ రిసీవరు పెట్టి నన్ను కౌగిలించుకున్నాడు. గేరు రాడ్డు నా పొట్టలో దిగింది. అప్పుడు అవ్వ కళ్ళు తుడుచుకుంటా చెప్పింది.

“నేను మొక్కుకున్నా నాయనా. ఇక్కడ ఫోను మోగితే నా కొడుకు ఇంటి గడప నుంచీ నోరు కట్టుకుని నీ కొండ ఎక్కుతాడు స్వామీ అని.”

మా అవ్వ మొక్కులన్నీ పక్కవాళ్ళ ఒళ్ళుతో తీరేవే. ఆమె మోకాళ్ళ నొప్పి తగ్గినందుకు నాకు గుండు కొట్టించినారు. బర్రె ఈనినందుకు మా అమ్మ అంగప్రదక్షిణం చేసింది. ఆమె స్వామికి బాకీ పడదు, మమ్మల్ని పడేస్తుంది. నోరు కట్టుకోవడమంటే మూతికి పసుపు గుడ్డ కట్టుకుని, కొండెక్కి స్వామి ముందర విప్పేదాకా ఒక్క మాట మాట్లాడకుండా ఉండడం. మామూలు మనుషులకు అది వ్రతం. మా మామకు గుండె ఆపరేషను.

“ఎప్పుడుమా?” అని అడిగినాడు మామ.

“ఇంకెప్పుడు, ఆడికృత్తికకే.”

ఫోను మోగితే ఎత్తి మాట్లాడాల్సిన రోజే, ఫోను మోగినందుకు మాట్లాడకూడని రోజు. స్వామి ఒక చేత్తో రింగిచ్చి ఇంకో చేత్తో హలో తీసుకున్నాడు.

మామ బేరమాడినాడు. “కొండ కింద నుంచి కట్టుకుంటానుమా.”

“గడప నుంచీ అని చెప్పినా. ఆయన విన్నాడు.”

“మర్నాడు ఎక్కుతా.”

“నీ ఫోను మర్నాడు మోగిందా?”

చివరికి తేలిందేమంటే, ఆ రోజు నేను సెలవు పెట్టి మామ పక్కన కూర్చోవాలి. ఆయన చేతులు, నా నోరు.

ఆడికృత్తిక పొద్దున గడపలో నిలబెట్టి అత్తే గుడ్డ కట్టింది. ఎన్నాళ్ళ కోరికో పాపం, ముడి గట్టిగానే వేసింది. పసుపు పంచె, పసుపు గుడ్డ, పైన రెండు కళ్ళు. ఆ కళ్ళు ఆపకుండా మాట్లాడుతూనే ఉన్నాయి. బంతి, చామంతి, గన్నేరు గంపలకెత్తి, పైన తడి గోనెపట్టలు కప్పి బయల్దేరినాం. అవ్వా అత్తా బస్సుకు పోయినారు.

బల్ల ఫోను నా ఒళ్ళో పెట్టుకున్నాను. కొండ సందు వచ్చింది. రెండు గీతలు ఉన్నాయి. ఫోను మాత్రం మోగలేదు. మామ నా వైపు చూసినాడు. నేను రిసీవరెత్తి చెవిలో పెట్టుకున్నాను. డయల్ టోను వస్తోంది. మళ్ళీ చూసినాడు. మళ్ళీ ఎత్తినాను. మూడోసారి చూస్తే, “నువ్వు చూస్తే మోగదు మామా, శెట్టి నొక్కితే మోగతాది,” అన్నాను. మాట్లాడలేని మనిషిని ఏమైనా అనొచ్చని అప్పుడే తెలిసింది నాకు. ఇంత సుఖం ఇన్నాళ్ళూ అత్తకు దక్కలేదే అనిపించింది.

రోడ్డంతా కావళ్ళ జనమే. బండి నడుస్తోందో, జనమే నెట్టుకుపోతున్నారో తెలియడం లేదు. సందు సగం దాటినాం. అప్పుడు మోగింది, ట్రింగ్ ట్రింగ్ అని. స్పీకరు నొక్కినాను.

“యాడుండారు?” శెట్టి గొంతు. వెనకాల అంగడి గోల.

“కొండ సందులో ఉండామయ్యా.”

“ఎవురది?”

“నేను, మేనల్లుణ్ణి.”

“నీతో కాదు నాకు పని. వాణ్ణి పలకమను.”

“మామ నోరు కట్టుకున్నాడయ్యా.”

సిగ్నలు పోయిందేమో అనుకున్నాను. పోలేదు, నమ్మకం పోయింది.

“ఎవురు? వాడు? నోరు?” అన్నాడు శెట్టి. “రేయ్, సూర్యుడు సెలవు పెట్టినాడంటే నమ్ముతా. వాడు యాడో బండి పెట్టి నిద్రపోతా ఉంటాడు, నిన్ను మాట్లాడమన్నాడు. నీ ఎకసెక్కాలు నాకు తెలీవా?”

“స్వామి మీద ఒట్టయ్యా, మొక్కు.”

“పొద్దున్నుంచీ అందరూ ఇదే స్వామి మీద ఒట్టు. వాడు పలికితే సరి, లేకపోతే పెట్టేస్తా. చెప్పినా కదా, రేపటి నుంచి…”

జీవితమంతా జోకులేసినోడికి నిజం చెప్పాల్సి వస్తే ఇట్లా ఉంటుంది.

మామ చెయ్యి గుడ్డ ముడి మీదికి పోయింది. ఒక్క మాట అంటే చాలు. ఊ అన్నా చాలు, ఊరికే దగ్గినా శెట్టి పోల్చుకుంటాడు. ఒక పక్క బండి, ఒక పక్క అవ్వ. వేళ్ళు ముడిని పట్టుకున్నాయి. బండి ముందర ఒక ముసలాయన తీరిగ్గా చెప్పు సరిచేసుకుంటున్నాడు.

ముసలాయన వల్లే జరిగింది. ముడి మీది చెయ్యి కిందికి దిగి, అలవాటుగా హారను మీద పడింది.

మే… ఏ… ఏ.



“అది వాడి హారనే,” అన్నాడు శెట్టి, తనలో తను అనుకున్నట్టు.

తిరుత్తణిలో అట్లా కూసే హారను ఇంకొకటి లేదు. మామ నన్ను చూసినాడు. కళ్ళు ఇంతింతైనాయి. మళ్ళీ నొక్కినాడు, ఈసారి కావాలని, పొడుగ్గా. చుట్టూ నడిచే జనం తమకే అనుకుని “హరోహరా!” అని అరిచినారు.

“సరే, సరే, ఇను,” అన్నాడు శెట్టి. గొంతు మారిపోయింది. “అవునంటే ఒక తూరి కొట్టు. కాదంటే రెండు తూర్లు. పెద్ద రోడ్డు మూసేసినారు. వేరే బండ్లన్నీ ఆడ ఇరుక్కున్నాయి, ఒక్కడికీ ఫోను పోలే. నువ్వు అటు రావద్దు. రైలుకట్ట కింద దారి గుర్తుందా?”

ఒక మేక. హరోహరా.

“లోడు పైన తగల్తాదా?”

రెండు మేకలు. హరోహరా, హరోహరా.

“తడి గోనె కప్పినావా?”

ఒక మేక.

“చామంతి బాగుందా?”

ఒక మేక, కొంచెం గర్వంగా.

శెట్టికి ఇది నచ్చినట్టుంది. “టిఫిను తిన్నావా?” అని కూడా అడిగినాడు. రెండు మేకలు. ఉపవాసం. నేను ఫోనును డాష్‌బోర్డు దగ్గరగా ఎత్తి పట్టుకుని కూర్చున్నాను, పెళ్ళిలో పంతులు ముందర మైకు పట్టుకునే వాడి మాదిరి. నా నోటి కోసం సెలవు పెట్టించినారు. మా ఇద్దరి మధ్యన చివరికి ఒక మేక మాట్లాడింది.

ఆ ఫోను రాకపోయి ఉంటే మేమూ పెద్ద రోడ్డుకే పోయి, ఆ బండ్ల వెనకాల చేరి, సాయంత్రం దాకా పూలు వాడుస్తూ కూర్చుని ఉండేవాళ్ళం. పక్క దారి పట్టినాం. రైలుకట్ట దగ్గర ఒక్క చిక్కు. లోడు తగలదు, నిజమే. నేను కట్టిన పైపు తగులుతుంది. హారను భాషలో యాంటెనా గురించి శెట్టి అడగలేదు, మామ చెప్పలేదు. దిగి, కట్లు విప్పి, పైపును గంపల మీద పడుకోబెట్టి, దాని పక్కనే నేనూ పడుకుని గట్టిగా పట్టుకున్నాను. కట్ట కింద చీకట్లో బంతిపూల మీద వెల్లకిలా పోతుంటే పైన రైలు పోయింది. మహారాజుల ఊరేగింపు ఇట్లాగే ఉంటుందేమో. వాళ్ళ మీద ఇంత సాలెగూడు మాత్రం పడి ఉండదు.

అంగడి ముందర ఉత్త కావడి బద్దలు పట్టుకుని జనం కిక్కిరిసి ఉన్నారు. ఒక్క పువ్వు లేదు. బండి సందు తిరిగి కనబడగానే అందరూ ఒక్కసారిగా “హరోహరా!” అన్నారు. మామ క్యాబిన్ దిగి, గంపల మీదికెక్కి, గోనెపట్ట లాగి, రెండు చేతులూ పైకెత్తినాడు. ఆ కేక స్వామికని నాకు తెలుసు. మామ మాత్రం స్వామి తరఫున తీసుకున్నాడు.

గంపలు చేతులు మారి మారి దిగినాయి. వంపు తిరిగిన బద్దలు మా కళ్ళ ముందరే పసుపు, ఎరుపు అయిపోయినాయి. శెట్టి జనాన్ని తోసుకుంటూ వచ్చి మామ ముందర నిలబడినాడు. గుడ్డను ఇటు నుంచి చూసినాడు, అటు నుంచి చూసినాడు. ముడిని వేలితో తాకి చూసినాడు.

“నిజంగానే కట్టుకున్నాడే వీడు!”

మామ తలూపినాడు. ఆ ఊపులో ఒక ఏడాది మాటలు ఉన్నాయి.

శెట్టి పొగడలేదు. పూలు తీసుకోవడానికి వెనక్కి తిరిగి, భుజం మీదుగా అన్నాడు. “రేపు చామంతి ఇంకో రెండు గంపలు ఎక్కువ ఎత్తుకో. ఫోను పైపు పీకేసినావు, మళ్ళీ కట్టు దాన్ని.”

రేపు అన్నాడు. అదే మేం వినాలనుకున్న మాట. మామ నా వీపు మీద కొట్టిన దెబ్బకు నా చొక్కాలోంచి బంతి రేకులు రాలినాయి.

కొండ మీద అవ్వా అత్తా మా కోసం కాచుకుని ఉన్నారు. జీవితంలోకెల్లా పెద్ద గెలుపు గెలిచి, దాన్ని గురించి ఒక్క ముక్క చెప్పకుండా అన్ని మెట్లూ ఎక్కినాడు మామ. చూస్తున్న నాకే నోరు దురద పెట్టింది. స్వామి ముందర దణ్ణం పెట్టుకుని బయటికి వచ్చినాక అవ్వ గుడ్డ ముడి విప్పింది. అందరం ఆయన నోటివైపే చూస్తున్నాం. స్వామి పేరు ఎత్తుతాడని అవ్వ చేతులు జోడించింది.

మామ అత్త వైపు తిరిగినాడు.

“ఆవడికి ఫోను చేసి మీ అన్నకు చెప్పు. ఆ కుర్చీలో ఇంకెవురినైనా కూర్చోబెట్టుకోమను.”

అత్త ఆయన్ను ఎగాదిగా చూసింది. “గెలిచినావులే. ఆ గుడ్డ ఇట్టియ్, దాచిపెడతా. మళ్ళీ పనికొస్తాది,” అనింది. నవ్వు ఆపుకుందామని చూసింది, కుదరలేదు.

ఆపైన మామ మొదలుపెట్టినాడు. మెట్లు దిగుతా చెప్పినాడు, పైపు మళ్ళీ కడుతా చెప్పినాడు, ఖాళీ బండిలో ఇంటికి పోతా చెప్పినాడు. ముసలాయన చెప్పు కథలో ఏనుగంత అయింది. కొండ సందులో ఉండగా ఫోను మోగింది. శెట్టే, రేపటి గంపల సంగతి. బండి పక్కకు ఆపి మామ రిసీవరెత్తినాడు. ముందర గంపల లెక్క విన్నాడు, తర్వాత పొద్దున గడప దగ్గర్నుంచి ఎత్తుకున్నాడు. ముడి, సందు, మేక, రైలుకట్ట. అవతల శెట్టి ఊ కొడుతున్నాడు, తర్వాత ఊ కొట్టడం మానేసినాడు, చివరికి టక్కుమని శబ్దం వచ్చింది.

మామ రిసీవరును చేతిలో పట్టుకుని దాన్నే చూసినాడు. నేను తెరవైపు చూసినాను. రెండు గీతలూ చక్కగా నిలబడి ఉన్నాయి.

ఆ సందులో కొండ కాకుండా మనిషి కట్ చేసిన మొదటి ఫోను అదే.